దేశం లేని రాయబారులు: వాషింగ్టన్‌లో లిథువేనియా యాభై ఏళ్ల కాపలా

వాషింగ్టన్‌లో వైట్‌హౌస్ దగ్గర మొదలై ఉత్తరానికి సూటిగా వెళ్లే రోడ్డు 16వ వీధి. అందులో 1125 నంబరు భవనం చాలా దశాబ్దాలు సోవియట్ యూనియన్ రాయబార కార్యాలయం. అదే వీధిలో ఇంకా పైకి వెళ్తే, మెరిడియన్ హిల్ దగ్గర, 2622 నంబరు భవనం లిథువేనియాది. 1940లో సోవియట్ యూనియన్ లిథువేనియాను తనలో కలిపేసుకుంది. మాస్కో లెక్క ప్రకారం ఆ తర్వాత అలాంటి దేశమే లేదు. కానీ 2622 నంబరు భవనం మూతపడలేదు. 1991 దాకా అక్కడ లిథువేనియా పేరున ఎవరో ఒకరు కూర్చున్నారు, ఉత్తరాలు రాశారు, పాస్‌పోర్టుల గడువు పొడిగించారు, ఏటా ఫిబ్రవరి 16న స్వాతంత్ర్య దినోత్సవం జరిపారు. వాళ్లకు జీతమిచ్చే ప్రభుత్వం లేదు, ఆదేశాలు పంపే విదేశాంగ శాఖ లేదు.

రాయబారి అనగానే మనకు గుర్తొచ్చేవి విందులు, ఫొటోలు, ‘ద్వైపాక్షిక సంబంధాలు మరింత బలపడ్డాయి’ అనే ప్రకటనలు. పెద్ద దేశాల సంగతిలో అది కొంతవరకు నిజమే. వాషింగ్టన్‌లో భారత రాయబారి నెల రోజులు సెలవు పెట్టినా ఢిల్లీ నుంచి ఫోన్ వెళ్తుంది, అవతల ఎవరో ఒకరు ఎత్తుతారు. చిన్న దేశాలకు ఆ వెసులుబాటు ఉండదు. బాల్టిక్ దేశాలైన లిథువేనియా, లాత్వియా, ఎస్తోనియా మూడూ కలిసినా నేటి జనాభా 60 లక్షల చిల్లర, అంటే హైదరాబాద్ నగరమంత కూడా కాదు. అలాంటి దేశానికి అగ్రరాజ్యం రాజధానిలో కూర్చున్న మనిషే తన ఉనికికి ఆధారం అయిపోయే రోజులు వస్తాయి. లిథువేనియాకు అవి 51 ఏళ్లు నడిచాయి.

లిథువేనియా 1918 ఫిబ్రవరి 16న స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. అమెరికా గుర్తింపు రావడానికి నాలుగేళ్లు పైనే పట్టింది. 1922 జూలై 28న అది వచ్చింది. అంతకు ముందు వచ్చిన యోనాస్ విలెయిషిస్ లాంటి ప్రతినిధులకు అధికార హోదా లేదు. అమెరికాలో స్థిరపడిన లిథువేనియన్ కార్మికుల మధ్య తిరుగుతూ కొత్త దేశం కోసం బాండ్లు అమ్మడం కూడా వాళ్ల పనే. 16వ వీధి భవనాన్ని 1924లో కొన్నారు. సొంత భవనం కొనాలన్న ఆ నిర్ణయం ఎంత కలిసొచ్చిందో తర్వాత తెలిసింది. అద్దె ఇల్లయితే 1940 తర్వాత ఖాళీ చేయించడం ఎంతసేపు!

ఆ భవనానికి పొరుగున, 2640 నంబరులో, పోలండ్ ఉండేది. లిథువేనియా తన రాజధానిగా చెప్పుకున్న విల్నియస్ నగరాన్ని 1920లో పోలండ్ ఆక్రమించడంతో 1938 దాకా ఆ రెండు దేశాల మధ్య దౌత్య సంబంధాలే లేవు. యూరప్‌లో పక్కపక్కనే ఉండీ మొహాలు చూసుకోని దేశాలు వాషింగ్టన్‌లో మాత్రం ఇరుగుపొరుగు.

జూన్ 1940

1940 జూన్ 14న మాస్కో నుంచి అల్టిమేటం వచ్చింది. మరుసటి రోజే సోవియట్ సేనలు లిథువేనియాలోకి దిగాయి. అధ్యక్షుడు అంతానాస్ స్మెతోనా సరిహద్దు దాటి వెళ్లిపోయారు. జూలైలో ఒకే జాబితాతో ఎన్నికలు, ఆగస్టు 3న విలీనం. అంతా ఏడు వారాల్లో ముగిసింది.

అయితే ముప్పు వస్తోందని విదేశాంగ మంత్రి యోజాస్ ఉర్బ్షిస్‌కు ముందే తెలుసు. దేశానికి ఏదైనా జరిగితే విదేశాల్లోని దౌత్యవేత్తలందరికీ రోమ్‌లో ఉన్న స్తాసిస్ లోజొరాయ్‌తిస్ పెద్దగా వ్యవహరించాలని జూన్ మొదట్లోనే టెలిగ్రామ్ ద్వారా ఆదేశాలు పంపారు. యాభై ఏళ్ల ప్రవాస దౌత్యానికి పునాది ఆ టెలిగ్రామే. ఉర్బ్షిస్‌ను సోవియట్ అధికారులు రష్యాకు తరలించి ఏళ్ల తరబడి జైల్లో పెట్టారు. స్వదేశానికి తిరిగొచ్చిన ఆయన 1990 మార్చి నాటి స్వాతంత్ర్య ప్రకటనను కళ్లారా చూసి, మరుసటి ఏడాది కన్నుమూశారు.

అప్పటికి వాషింగ్టన్‌లో ఉన్నది పోవిలాస్ జాదేయికిస్, 1935 నుంచి అక్కడే. అప్పటి తాత్కాలిక రాజధాని కౌనాస్‌లో ఏర్పడిన కీలుబొమ్మ ప్రభుత్వం దౌత్యవేత్తలను తిరిగి రమ్మంది. రానివాళ్ల పౌరసత్వం రద్దు చేసింది. జాదేయికిస్ పోలేదు, విలీనాన్ని ఖండిస్తూ అమెరికా విదేశాంగ శాఖకు నిరసన పత్రం ఇచ్చారు. ఆ నిర్ణయం ఆయన ప్రాణం కూడా కాపాడి ఉండవచ్చు. వాషింగ్టన్‌లో ఆయనకు ముందు పనిచేసి స్వదేశంలో ఉండిపోయిన ఇద్దరి గతి చూస్తే అలాగే అనిపిస్తుంది. 1920ల తొలినాళ్లలో అక్కడ ఉన్న వోల్డెమారాస్ చార్నెత్స్కిస్‌ను 1941లో రష్యాకు తరలించి తర్వాత చంపేశారు. ఆయన తర్వాత వచ్చిన కజీస్ బిజౌస్కాస్, 1918 స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన 20 మందిలో ఒకరు, 1941 జూన్‌లో సోవియట్ తూటాలకు బలయ్యారు.

అమెరికా వైపు నుంచి రెండు పనులు జరిగాయి. జూలై 15న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ బాల్టిక్ దేశాల ఆస్తులను స్తంభింపజేశారు. విలీనం కాగితం మీద పూర్తి కాకముందే న్యూయార్క్‌లోని బంగారం, బ్యాంకు ఖాతాలు మాస్కో చేతికి చిక్కకుండా తాళం పడింది. జూలై 23న విదేశాంగ శాఖ ఉపమంత్రి సమ్నర్ వెల్స్ పేరున ఒక ప్రకటన వెలువడింది. మూడు చిన్న దేశాల స్వాతంత్ర్యాన్ని పొరుగున ఉన్న బలమైన దేశం కుటిల మార్గాల్లో అంతం చేస్తోందని, బలప్రయోగంతో జరిగే ఇలాంటి మార్పులను అమెరికా ఒప్పుకోదని దాని సారాంశం. అది చాలా చిన్న పత్రం. దాని రచనలో ముఖ్యపాత్ర లోయ్ హెండర్సన్‌ది. బాల్టిక్ ప్రాంతంలో పనిచేసి, లాత్వియా మహిళను పెళ్లాడిన అధికారి ఆయన. స్వతంత్ర భారతంలో తొలినాళ్ల అమెరికా రాయబారిగా, నెహ్రూతో ఏమాత్రం పొసగని మనిషిగా మనవాళ్లకూ ఆయన పేరు పరిచయమే.

ఇందులో దయాదాక్షిణ్యాల పాలు తక్కువ. జపాన్ మంచూరియాను ఆక్రమించాక 1932లోనే ఇలాంటి ఆక్రమణలను గుర్తించబోమని అమెరికా చెప్పి ఉంది. ఆ మాట మీద నిలబడటానికి 1940లో పెద్దగా ఖర్చేమీ లేదు. ఒక్క సైనికుణ్నీ పంపనక్కర్లేదు. ఖర్చు లేని మాట కాబట్టే అంతకాలం నిలిచింది. ఖర్చు పెట్టాల్సిన రోజు వచ్చినప్పుడు ఏమైందో ముందుముందు చూద్దాం.

సంతకం పెట్టేవాడే లేడు

ఒక దేశం రాయబారిని పంపాలంటే ఆ దేశాధినేత సంతకంతో క్రెడెన్షియల్స్, అంటే నియామక పత్రాలు, ఉండాలి. వాటిని ఆతిథ్య దేశాధినేత స్వీకరించాలి. జాదేయికిస్ 1935లో వచ్చేటప్పుడు ఆ కాగితాలు సక్రమంగానే తెచ్చారు. కాబట్టి ఆయన ఉన్నంతకాలం చిక్కు లేదు. 1957లో ఆయన చనిపోయారు. ఆయన స్థానంలోకి వచ్చే మనిషికి కాగితం ఎవరివ్వాలి? అమెరికా చేరుకున్న స్మెతోనా 1944లోనే క్లీవ్‌లాండ్‌లో ఇంట్లో జరిగిన అగ్ని ప్రమాదంలో చనిపోయారు. ప్రవాస ప్రభుత్వాన్ని అమెరికా గుర్తించలేదు. దేశం ఉంది, ప్రభుత్వం లేదు అన్నది దాని న్యాయవాదన.

దౌత్య సంప్రదాయంలోనే దీనికొక సందు దొరికింది. రాయబారి కంటే కింద ‘ఛార్జ్ డి అఫైర్స్’ అనే హోదా ఉంది. రాయబారి ఊళ్లో లేనప్పుడో, సంబంధాలు చెడినప్పుడో కార్యాలయాన్ని నడిపే అధికారి అన్నమాట. ఈయన వ్యవహారమంతా విదేశాంగ శాఖతోనే, దేశాధినేత గడప తొక్కనక్కర్లేదు. అందువల్ల దేశాధినేత సంతకం లేకుండా నడిచిపోతుంది. అలా 1957లో యోజాస్ కాయెత్స్కాస్, 1977లో స్తాసిస్ బాచ్కిస్, 1987లో లోజొరాయ్‌తిస్ కొడుకు, ఆయన పేరూ స్తాసిసే, వరసగా ఛార్జ్ హోదాలో వచ్చారు. హోదా తగ్గింది, ప్రోటోకాల్ వరసలో చోటు అడుగుకు పోయింది. దౌత్య జాబితాలో పేరు మాత్రం నిలిచింది. వాళ్లు కాపాడుకోవాల్సింది ఆ పేరే.

జీతాల సంగతి ఇంకా చిత్రం. 1940లో తాళం పడిన డబ్బులోంచే అమెరికా అనుమతితో కార్యాలయం ఖర్చులకు విడుదల చేసేవారు. అంటే లిథువేనియా తన డబ్బే తాను ఖర్చు పెట్టుకుంటోంది, కానీ బడ్జెట్‌కు ఒప్పుకోలు అమెరికాది. సొంత ఇంటి బీరువా తాళంచెవి పొరుగువాడి దగ్గర ఉన్నట్టు. అందుకే ఈ దౌత్యవేత్తలు విదేశాంగ శాఖకు ఇబ్బంది కలిగించే మాట బహిరంగంగా అనడానికి ఒకటికి రెండుసార్లు ఆలోచించేవారు. షికాగో, క్లీవ్‌లాండ్‌లలోని ప్రవాస సంఘాలు ఊరేగింపులు తీసేవి, కాంగ్రెస్ సభ్యుల వెంట పడేవి. లెగేషన్ (రాయబార కార్యాలయం కంటే ఒక మెట్టు కింది దౌత్య కార్యాలయం) మాత్రం నెమ్మదిగా, మర్యాదగా ఉండేది. పిరికితనమని సణిగినవాళ్లూ లేకపోలేదు. ఆ సణుగుడులో న్యాయం కొంతే ఉంది. గట్టిగా అరవడానికి సంఘాలున్నాయి. దౌత్య జాబితాలో పేరు పోతే తిరిగి ఎక్కించేవాళ్లు ఎవరూ లేరు. 1980 ప్రాంతంలో లిథువేనియా నిధులు అడుగంటాయి. అప్పుడు లాత్వియా నిధుల నుంచి సర్దుబాటు చేశారు. దేశం లేని ఒక లెగేషన్ దేశం లేని మరో లెగేషన్‌ను ఆదుకుంది.

వీళ్లకు పనేముంటుందని అనిపించవచ్చు. అసలు సంగతి అమెరికా కోర్టుల్లో తేలేది. అమెరికాలో చనిపోయిన ఒక లిథువేనియన్ తన ఆస్తిని స్వదేశంలోని చెల్లెలికి రాశాడనుకుందాం. ఆ చెల్లెలి తరఫున సోవియట్ అధికారులు ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పట్టుకుని ఒక లాయర్ కోర్టుకొస్తాడు. సోవియట్ అధికారాన్ని అక్కడ అమెరికా గుర్తించదు కాబట్టి ఆ కాగితం చెల్లదని లిథువేనియా కాన్సుల్ అడ్డుపడతాడు. ఎస్తోనియా ఓడ ‘మారెట్’ విషయంలో 1944లో, లాత్వియా ఓడల కంపెనీ విషయంలో 1951లో అమెరికా అప్పీల్ కోర్టులు సోవియట్ జాతీయీకరణ చట్టాలను పక్కన పెట్టాయి. ఇలాంటి ప్రతి కేసూ వెల్స్ ప్రకటనకు మళ్లీ ఊపిరి పోసేది. వాడని చట్టవాదన తుప్పు పడుతుంది. దాన్ని వాడుకలో ఉంచడమే ఈ చిన్న కార్యాలయాల రోజువారీ పని.

అమెరికా తోడు ఎంత విలువైందో మిగతా రాజధానులను చూస్తే తెలుస్తుంది. స్వీడన్ 1940లోనే బాల్టిక్ కార్యాలయాలను, తన దగ్గరున్న బంగారాన్ని మాస్కోకు అప్పజెప్పింది. రోమ్‌లో లోజొరాయ్‌తిస్ ఉంటున్న లిథువేనియా భవనాన్ని ఇటలీ సోవియట్లకు ఇచ్చేసింది. బ్రిటన్ 1967లో తన దగ్గరున్న బాల్టిక్ బంగారాన్ని అమ్మి, మాస్కోతో పాత బాకీల లెక్క సరిచేసుకుంది. అంతకు ముందు వాషింగ్టన్‌లో పనిచేసి, 1934లో లండన్‌కు మారిన బ్రొనియుస్ బలూతిస్ అప్పటికీ లిథువేనియా దూతగా లండన్‌లోనే ఉన్నారు. అదే ఏడాది చివర ఆయన చనిపోయారు. బ్రిటన్ ఆ బంగారానికి సమానమైనదాన్ని 1990లలో తిరిగిచ్చింది, అది వేరే సంగతి.

రాజకీయాలకంటే వయసే వీళ్లకు పెద్ద టెన్షన్ అయింది. 1940కి ముందు నుంచి సర్వీసులో ఉన్నవాళ్లనే దౌత్యవేత్తలుగా గుర్తిస్తామన్నది అమెరికా తొలి వైఖరి. అది చట్టపరంగా తెలివైనదే, కానీ మనుషులు ముసలివాళ్లవుతారు. షికాగోలో కాన్సుల్ పెత్రాస్ దౌజ్వార్దిస్ చనిపోతే ఆయన భార్య యూజె గౌరవ కాన్సుల్ జనరల్‌గా బాధ్యత తీసుకుని 1980ల దాకా నడిపించారు. లిథువేనియా వంటల పుస్తకం రాసి ప్రవాసుల ఇళ్లలో అంతకుముందే పేరు తెచ్చుకున్న మనిషి ఆమె. 1906లో పుట్టిన బాచ్కిస్ ఛార్జ్ అయ్యేసరికే డెబ్భై దాటారు. చివరికి అమెరికా పట్టు సడలించింది. 1924లో పుట్టిన లోజొరాయ్‌తిస్ కొడుక్కి దారి దొరికింది అలాగే.

ఖర్చు పెట్టాల్సిన రోజు

1990 మార్చి 11న విల్నియస్‌లో పార్లమెంటు స్వాతంత్ర్యాన్ని పునరుద్ధరించినట్టు ప్రకటించింది. యాభై ఏళ్లుగా విలీనాన్ని ఒప్పుకోని అమెరికా మర్నాడే గుర్తించి ఉండాలి కదా. గుర్తించలేదు. ఆ ప్రభుత్వానికి భూభాగం మీద అదుపు లేదన్నది పైకి చెప్పిన కారణం. జర్మనీ ఏకీకరణకు గోర్బచేవ్ సహకారం కావాలన్నది అసలు కారణం. ఏప్రిల్‌లో మాస్కో చమురు ఆపి లిథువేనియాను దిగ్బంధించింది. మే మొదట్లో ప్రధాని కజిమిరా ప్రున్‌స్కియెనె వైట్‌హౌస్‌కు వచ్చారు, కానీ గుర్తింపు పొందిన దేశపు ప్రధానిగా ఆమెను స్వీకరించలేదు. లెగేషన్‌లో ఉన్న లోజొరాయ్‌తిస్ పరిస్థితి ఇంకా విడ్డూరం. ఆయన ప్రాతినిధ్యం వహించే దేశాన్ని అమెరికా గుర్తిస్తుంది. ఆ దేశంలో జనం ఎన్నుకున్న ప్రభుత్వాన్ని గుర్తించదు.

1991 జనవరి 13 రాత్రి విల్నియస్ టీవీ టవర్ దగ్గర సోవియట్ సేనల దాడిలో 14 మంది చనిపోయారు. ఏదైనా జరిగితే విదేశంలో ప్రభుత్వం ఏర్పాటు చేసే అధికారంతో విదేశాంగ మంత్రి అల్గిర్దాస్ సౌదర్గాస్‌ను బయటికి పంపారు. 1940 పాఠం ఎవరూ మర్చిపోలేదు. ఫిబ్రవరిలో గుర్తింపుతో ముందుకొచ్చిన దేశం ఐస్‌లాండ్, జనాభా రెండున్నర లక్షలు. జూలైలో యెల్త్సిన్ రష్యా కూడా లిథువేనియాతో ఒప్పందం చేసుకుంది. గోర్బచేవ్‌ను దించేయాలన్న ఆగస్టు కుట్ర విఫలమయ్యాక 27న యూరోపియన్ కమ్యూనిటీ దేశాలు కదిలాయి. అమెరికా అధ్యక్షుడు బుష్ సెప్టెంబర్ 2న దౌత్య సంబంధాలు ప్రకటించారు. మరో నాలుగు రోజులకు మాస్కో కూడా ఒప్పుకుంది.

విలీనాన్ని గుర్తించకపోవడం తలుపు మూసుకుపోకుండా చూసింది, అంతే. తలుపు తెరిచింది విల్నియస్ జనం. అయితే మూసుకుపోని తలుపు లాభం చిన్నది కాదు. లిథువేనియా 1991లో కొత్త దేశంగా దరఖాస్తు పెట్టుకోలేదు, పాత దేశంగానే తిరిగొచ్చింది. భవనం తనదే. యుద్ధానికి ముందరి ఒప్పందాల వాదన తనదే. 1930ల నుంచి న్యూయార్క్ కాన్సులేట్‌లో ఉన్న అనిసెతాస్ సిముతిస్ ఐక్యరాజ్య సమితిలో తొలి శాశ్వత ప్రతినిధి అయ్యారు. లోజొరాయ్‌తిస్‌కు ఎట్టకేలకు దేశాధినేత సంతకంతో కాగితాలు వచ్చాయి. ఛార్జ్ కాస్తా రాయబారి అయ్యారు.

ఆ తర్వాతి కథ అంత తీపిగా లేదు. 1993 ఫిబ్రవరి అధ్యక్ష ఎన్నికల్లో ఆయన పోటీ చేస్తే, మాజీ కమ్యూనిస్టు నేత అల్గిర్దాస్ బ్రజౌస్కాస్‌కు 60 శాతం, ఈయనకు 38 శాతం ఓట్లు వచ్చాయి. బయటి దేశాల్లో బతికిన మనిషికి ఇక్కడి కష్టం ఏం తెలుసన్నది జనం ప్రశ్న. కొత్త ప్రభుత్వం ఆయన్ను వాషింగ్టన్ నుంచి రోమ్‌కు మార్చింది. మరుసటి ఏడాదే చనిపోయారు. దేశాన్ని కాగితాల మీద బతికించినవాళ్లకు ఆ దేశపు రోజువారీ రాజకీయాల్లో చోటు దొరకలేదు. ఇందులో కృతఘ్నత కొంత ఉంది, జనం అన్న మాటలో నిజమూ కొంత ఉంది. చిత్రమేమిటంటే 1998లో అదే జనం షికాగోలో అమెరికా పర్యావరణ సంస్థ అధికారిగా ఏళ్ల తరబడి పనిచేసిన వాల్దాస్ అదామ్‌కుస్‌ను అధ్యక్షుణ్ని చేసుకున్నారు.

తర్వాత వచ్చిన రాయబారులకు ఉనికి నిరూపించుకునే పని లేదు. 1993లో చరిత్రకారుడు అల్ఫొన్సాస్ ఎయిదింతాస్, 2001లో వైగౌదాస్ ఉషాత్స్కాస్ లాంటివాళ్ల పని మరో రకం. నాటో సభ్యత్వానికి సెనేటర్ల గదుల చుట్టూ తిరగడం అందులో ముఖ్యమైంది. మూడు బాల్టిక్ రాయబారులూ కలిసి తిరిగేవారు. ఇల్లినాయ్ సెనేటర్ డిక్ డర్బిన్ తల్లి లిథువేనియాలో పుట్టింది. ఇలాంటి తలుపులు వెతికి తట్టడం చిన్న దేశపు రాయబారికి తప్పని పని. 2003 మేలో నాటో విస్తరణకు సెనేట్ 96-0తో ఒప్పుకుంది. 2004 మార్చి 29న లిథువేనియా సభ్య దేశమైంది.

అమెరికా ఒకప్పుడు ఈ దేశాన్ని బతికించడానికి వాడిన ఛార్జ్ హోదాను మరో అగ్రరాజ్యం దెబ్బ కొట్టడానికి వాడింది. విల్నియస్‌లో తైవాన్ పేరుతో కార్యాలయం తెరవనిచ్చినందుకు 2021 ఆగస్టులో లిథువేనియా రాయబారి డయానా మిత్స్కెవిచియెనెను వెనక్కి పిలిపించుకోమని చైనా అడిగింది. నవంబర్‌లో సంబంధాలను ఛార్జ్ స్థాయికి దించేసింది. డిసెంబర్‌లో లిథువేనియా సిబ్బంది బీజింగ్ వదిలారు. మిత్స్కెవిచియెనె ఆ తర్వాత ఢిల్లీకి రాయబారిగా వచ్చారు. 2022 ఏప్రిల్‌లో ఉక్రెయిన్‌లోని బుచా హత్యల తర్వాత లిథువేనియా తానే రష్యా రాయబారిని పంపేసి, మాస్కో నుంచి తన రాయబారిని పిలిపించుకుంది. చైనా తన కోపం చూపించడానికి ఈ మెట్టు వాడుకుంటే, 30 లక్షల జనం కూడా లేని దేశం రష్యా మీద అదే మెట్టు వాడింది. పూర్తిగా తెగతెంపులు చేసుకోకుండా, మాట్లాడాల్సి వస్తే మాట్లాడే మనిషి ఒకడు ఉండేలా చూసుకుంది.